పది శాతమా, అరవై శాతమా? సైబర్ ముప్పు మీద నిపుణుల అంచనాను రాబట్టే పద్ధతి

బంగాళాఖాతంలో తుపాను పుట్టిందనగానే విశాఖలో ఇంటింటా ఫోన్లలో ఒక మ్యాపు తిరగడం మొదలవుతుంది. సముద్రం నడుమ ఒక చుక్క, అక్కణ్ణుంచి తీరం వైపు గరాటులా విచ్చుకునే బొమ్మ. వాతావరణ శాఖ ఒక్క గీత గీసి "ఇక్కడే దాటుతుంది" అనదు. రోజులు ఎక్కువున్నప్పుడు గరాటు నోరు వెడల్పుగా ఉంటుంది, తుపాను దగ్గరపడేకొద్దీ సన్నబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటింది. అంతకు ముందు రోజుల్లో ఎవరిని ఖాళీ చేయించాలో, ఏ పడవల్ని వెనక్కి పిలవాలో ఆ గరాటును చూసుకునే నిర్ణయించారు.

ఇదే ఊళ్ళో ఏదైనా ఆఫీసులో సైబర్ రిస్క్ రిజిస్టర్, అంటే కంప్యూటర్లకు రాగల ముప్పులు రాసుకునే పట్టిక, తెరిచి చూడండి. "రాన్సమ్‌వేర్: హై", "ఫిషింగ్: మీడియం" అని రాసి, పక్కన ఎరుపు, పసుపు గడులు ఉంటాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే దాడి రాన్సమ్‌వేర్, నకిలీ మెయిళ్ళతో వల వేయడం ఫిషింగ్. గరాటు మాత్రం ఉండదు. ఆ మాట ఎవరు చెప్పారు, ఎంత నమ్మకంతో చెప్పారు, ఎంతవరకు తప్పు కావచ్చు అన్నది ఎక్కడా కనపడదు. చెప్పినవాళ్ళకు సందేహం లేక కాదు, మనం అడగక.

అడగడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చిన్న, మధ్య తరహా సంస్థల్లో ఐటీ చూసేవాళ్ళు, ఆడిట్ వాళ్ళు, యజమానులు దీన్ని సొంతంగా చేసుకోవచ్చు. కాగితం, పెన్ను, ఎక్సెల్, రెండు పూటల సమయం ఉంటే చాలు.

ముందు ఒక గది, ఆరు చీటీలు

పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ అండ్ ఫార్వార్డింగ్ ఆఫీసు. కస్టమ్స్‌కు బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి పత్రాలు), షిప్పింగ్ బిల్లులు (ఎగుమతి పత్రాలు) తయారుచేసి పంపడం వాళ్ళ పని. సర్వర్ ఒక పూట ఆగిందంటే కంటైనర్లు కదలవు, ఆలస్యానికి కట్టే డెమరేజ్ మీటరు తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఆరుగురిని కూర్చోబెట్టి చీటీలిచ్చాను. ప్రశ్న: "వచ్చే ఏడాదిలో మనకు రాన్సమ్‌వేర్ దాడి జరిగే అవకాశం ఎంత శాతం?"

చీటీలు విప్పితే 5, 8, 10, 40, 60, 60. అరవైల్లో ఒకటి ఎనభై కొట్టేసి రాసింది. మేనేజరు గారు ఫోన్లో లెక్క కట్టి, "సగటు ముప్పై వచ్చిందండీ, ముప్పై అని వేసేద్దాం" అన్నారు.

అక్కడే ఆగాలి. ఆ గదిలో ముప్పై అని నమ్మిన మనిషి ఒక్కరూ లేరు. ఎవరూ నమ్మని అంకెను రిజిస్టర్‌లో రాసి, దాని మీద బడ్జెట్ వేసే పరిస్థితి వచ్చింది. ఇద్దరు ముగ్గురిని "ఏమనుకుని రాశారు?" అని అడిగితే విషయం తేలింది. ఐదూ పదీ రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఆఫీసు మొత్తం పడకేయడం. అరవై రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఎవరో ఒకరి కంప్యూటర్‌కు వైరస్ తగలడం. మనుషులు విభేదించలేదు, ప్రశ్నే రెండు రకాలుగా వినపడింది.

నిపుణుల అంచనాలు దూరదూరంగా వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది ప్రశ్ననే.

ప్రశ్నను బిగించడం

సగం పని ఇదే. ఒక పరీక్ష పెట్టుకోండి: ఏడాది తర్వాత, ఆ గదిలో లేని మూడో మనిషి రికార్డులు చూసి "జరిగింది" లేదా "జరగలేదు" అని వాదన లేకుండా తేల్చగలడా? తేల్చలేకపోతే ప్రశ్న ఇంకా వదులుగా ఉన్నట్టే.

మేం తిరగరాసుకున్న ప్రశ్న ఇది: "ఈ ఏప్రిల్ 1 నుంచి వచ్చే మార్చి 31 లోపు, బయటివాళ్ళు ఫైళ్ళకు తాళం వేయడం వల్ల, మన సర్వర్ మీద బిల్ ఆఫ్ ఎంట్రీ తయారుచేసే పని వరసగా 8 పని గంటలకు మించి ఆగుతుందా?" గడువు ఉంది, కారణం ఉంది, ఏది ఆగాలో ఉంది, ఎంతసేపో ఉంది. కరెంటు పోయి ఆగితే లెక్కలోకి రాదు. ఒక్క ల్యాప్‌టాప్‌కు తగిలి ఆగిపోతే లెక్కలోకి రాదు.

తర్వాత దాన్ని గొలుసుగా విడగొట్టండి. మాకు మూడు లంకెలు వచ్చాయి. ఒకటి, ఏడాదిలో ఏదో ఒక కంప్యూటర్ ఇలాంటి దాడికి చిక్కుతుందా? రెండు, చిక్కితే అది సర్వర్ దాకా పాకుతుందా? మూడు, పాకితే బ్యాకప్ నుంచి 8 గంటల్లోపు పని మళ్ళీ మొదలుపెట్టలేకపోతామా? రెండో ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు మొదటిది జరిగిపోయిందనే అనుకోవాలి, మూడోదానికి రెండూ జరిగాయనుకోవాలి. ఈ మాట ప్రతిసారీ గట్టిగా చెప్పాలి. లేకపోతే అందరూ మొదటి లంకె మీద తమకున్న ధైర్యాన్నే మూడో లంకెలోనూ కలిపేస్తారు.

విడగొడితే ఇంకో లాభం ఉంది. ఫిషింగ్ మెయిళ్ళ గురించి బాగా తెలిసినవాళ్ళు వేరు, సర్వర్ గది తెలిసినవాళ్ళు వేరు. ఎవరికి తెలిసిన లంకె మీద వాళ్ళ మాటకు విలువ వస్తుంది.

ఎవరిని కూర్చోబెట్టాలి

ఐదు నుంచి ఎనిమిది మంది. అందరూ సెక్యూరిటీ వాళ్ళే అయితే అదే ఒక లోపం. రోజూ బ్యాకప్ డ్రైవ్ మార్చే కుర్రాడు, రాత్రి షిఫ్ట్ ఆపరేటరు, పార్టీల మెయిళ్ళన్నీ తెరిచే అకౌంట్స్ మనిషి ఉండాలి. బయటి కన్సల్టెంట్‌ను పిలిస్తే మంచిదే గానీ, ఆయన అమ్మే వస్తువు ఏదైనా ఈ అంచనా మీద ఆధారపడి ఉందేమో ముందే అడిగి రాసి పెట్టుకోండి. అడగడం మర్యాద తప్పు కాదు.

ఒక జాగ్రత్త. ముగ్గురు నిపుణులు ఒకే కంపెనీ వార్షిక నివేదిక చదివి వచ్చి ఒకే అంకె చెబితే, అది మూడు సాక్ష్యాలు కాదు, ఒకటే. "ఈ అంకె మీకెక్కణ్ణుంచి వచ్చింది?" అన్న గడి ప్రతి చీటీ మీదా ఉండాలి.

కాటా సరిచూసుకోవడం

రైతు బజార్లో కాటా మీద అనుమానం వస్తే తెలిసిన బరువు వేసి చూస్తాం. మనిషి అంచనాకూ అలాంటి పరీక్ష ఉంది. జవాబు మనకు తెలిసి, వాళ్ళకు కచ్చితంగా తెలియని పది ప్రశ్నలు ఇవ్వండి. ఒక్కో దానికీ 90 శాతం నమ్మకంతో "ఇంతకూ ఇంతకూ మధ్య" అని రేంజ్ చెప్పమనండి. నేను వాడే వాటిలో కొన్ని: ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏ ఏడాది మొదలైంది (1926)? విశాఖ పోర్టు ఏ ఏడాది తెరుచుకుంది (1933)? బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు ఎన్ని మీటర్లు (సుమారు 91)? గోదావరి పొడవు ఎన్ని కిలోమీటర్లు (1,465)? వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ దాడికి ఎన్ని రోజుల ముందు మైక్రోసాఫ్ట్ దానికి మందు లాంటి ప్యాచ్ విడుదల చేసింది? చివరిదానికి జవాబు 59 రోజులు. ప్యాచ్ 2017 మార్చి 14న వచ్చింది, దాడి మే 12న. ఈ జవాబు విని గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే ఆ 59 రోజులూ తమ ఆఫీసులో ఎలా గడిచాయో ఐటీ వాళ్ళకు గుర్తుంటుంది.

పదిలో తొమ్మిది రేంజ్‌లలో నిజం పడాలి. సాధారణంగా ఐదో ఆరో పడతాయి. ఇది మన ఊరి వాళ్ళ లోపం కాదు. హార్వర్డ్‌లో మార్క్ ఆల్పర్ట్, హోవర్డ్ రైఫా చేసిన ప్రయోగాల్లో విద్యార్థులు 98 శాతం నమ్మకంతో ఇచ్చిన రేంజ్‌లలో, నూటికి రెండు తప్పాల్సిన చోట నలభైకి పైగా తప్పాయి. తనకు తెలియనిదెంతో మనిషి తక్కువగా లెక్కేసుకుంటాడు. తెలివైనవాళ్ళు కూడా.

మంచి సంగతేమిటంటే, ఈ జబ్బు కొంత కుదురుతుంది. మొదటి పది ప్రశ్నల ఫలితం చూపించి, రెండో పది ఇస్తే రేంజ్‌లు వెడల్పవుతాయి. ఒక చిట్కా చెప్పండి: "కింది అంకె రాశాక, నిజం ఇంతకంటే తక్కువని తేలితే ఆశ్చర్యపోతారా? ఆశ్చర్యపోకపోతే ఇంకా కిందికి దించండి." పై అంకెకూ అంతే. గంటలో తేడా కనిపిస్తుంది. ఈ గంటను దాటవేయకండి. ఎవరి రేంజ్ ఎంత బిగుతుగా ఉంటుందో తెలుసుకోకుండా అసలు ప్రశ్నకు వెళ్తే తర్వాత వచ్చే లెక్కలన్నిటికీ ఆధారం ఉండదు.

మాటలు వద్దు, అంకెలు

"రావొచ్చండీ", "చెప్పలేం గానీ ఉంది అవకాశం", "దాదాపు రాదనే అనుకోండి". ఈ మాటలు మన నోట్లో హాయిగా తిరుగుతాయి. కానీ "రావొచ్చు" అంటే ఒకరికి 20, ఇంకొకరికి 70.

1951లో అమెరికా గూఢచార అంచనా ఒకటి, యుగోస్లావియా మీద సోవియట్ పక్షం దాడికి "గట్టి అవకాశం" ఉందని రాసింది. రాసిన బృందాన్ని నడిపినవారిలో ఒకరైన షెర్మన్ కెంట్ తర్వాత తన సహచరులను, మీ లెక్కలో ఆ మాటకు విలువ ఎంత అని అడిగారు. 20 శాతం నుంచి 80 శాతం దాకా వచ్చాయి జవాబులు. అందరూ సంతకం పెట్టిన వాక్యం ఒకటే, అర్థాలు మాత్రం మనిషికొకటి. రిస్క్ రిజిస్టర్‌లో "హై" అన్న మాట చేసే పని కూడా అదే.

సాఫ్ట్‌వేర్ లోపాలకిచ్చే సీవీఎస్ఎస్ స్కోరును కూడా చాలామంది అవకాశంగా చదువుతారు. 9.8 అంటే దాడి జరగడానికి 98 శాతం అవకాశం కాదు. ఆ లోపం ఎంత తీవ్రమైనదో చెప్పే కొలత అది. రాబోయే 30 రోజుల్లో దాన్ని ఎవరైనా వాడుకునే అవకాశం ఎంతో చెప్పేది వేరే స్కోరు, ఈపీఎస్ఎస్. అది కూడా ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా. మీ సర్వర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉందో లేదో దానికి తెలియదు. నిపుణుడు ఈ రెండింట్లో దేన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడో అడగండి.

నాలుగు ప్రశ్నల చీటీ

ఇప్పుడు అసలు పని. ప్రతి లంకెకూ ఒక్కొక్కరూ విడిగా, మాట్లాడుకోకుండా, కాగితం మీద నాలుగు రాయాలి. వరస ముఖ్యం.

ఒకటి, అతి తక్కువ ఎంత ఉండొచ్చు? రెండు, అతి ఎక్కువ ఎంత ఉండొచ్చు? మూడు, మీ ఉత్తమ అంచనా ఎంత? నాలుగు, నిజం మీరిచ్చిన తక్కువకూ ఎక్కువకూ మధ్యే ఉంటుందని ఎన్ని శాతం నమ్మకం?

ఉత్తమ అంచనాను ముందు అడిగితే మనసు ఆ అంకెకు లంగరు వేసుకుంటుంది, తక్కువా ఎక్కువా దానికి రెండడుగుల దూరంలోనే ఆగిపోతాయి. అంచులు ముందు అడిగితే మనిషి రెండు వైపులా ఆలోచించక తప్పదు.

నాలుగో జవాబు మనిషికొకలా ఉంటుంది కాబట్టి అందర్నీ ఒకే కొలతకు తేవాలి. నేను 80 శాతానికి తెస్తాను. ఒకరు తక్కువ 4, ఎక్కువ 25, ఉత్తమం 10 అని రాసి, నమ్మకం 60 శాతం అన్నారనుకోండి. 80ని 60తో భాగిస్తే 1.33. కింది దూరం 6, దాన్ని 1.33తో హెచ్చిస్తే 8, కాబట్టి కింది అంచు 2. పై దూరం 15, హెచ్చిస్తే 20, కాబట్టి పై అంచు 30. అంటే 80 శాతం నమ్మకంతో ఆయన రేంజ్ 2 నుంచి 30. కింది అంచు సున్నా కంటే తగ్గితే సున్నాకు దగ్గరగా ఆపేయండి. ఇది ముతక లెక్కే, కానీ "నాకు అరవై శాతమే నమ్మకం" అన్న నిజాయతీకి రేంజ్‌లో చోటు దొరుకుతుంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ జరగలేదు కదండీ" అనే వాదన తప్పకుండా వస్తుంది. దాన్ని కొట్టిపారేయకండి, దానికి తగిన విలువ ఇవ్వండి. ఎనిమిదేళ్ళుగా ఏమీ జరగలేదనుకోండి. లాప్లాస్ సూత్రం ప్రకారం జరిగినవాటికి ఒకటి కలిపి, ఏళ్ళకు రెండు కలిపి భాగిస్తే పదింట ఒకటి, అంటే 10 శాతం. ఇది మొదలుపెట్టడానికి ఒక మెట్టు. ఇంకో కోణం చూడండి: ఏడాదికి నిజమైన అవకాశం 31 శాతం ఉన్నా సరే, ఎనిమిదేళ్ళు ఏమీ జరగకుండా గడిచిపోవడానికి 5 శాతం అవకాశం ఉంటుంది. ఎనిమిదేళ్ళ ప్రశాంతత "సున్నా" అని నిరూపించదు, "మూడో వంతు కంటే ఎక్కువ ఉండకపోవచ్చు" అని మాత్రం చెబుతుంది. పైగా గతం తుపానుకు పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాదు. తుపాను మన జాగ్రత్తలు చూసి దారి మార్చుకోదు, దాడి చేసేవాడు మార్చుకుంటాడు.

"మనలాంటి చిన్నవాళ్ళ మీద ఎవరికి కన్నుంటుంది?" అన్నది రెండో వాదన. దీనికి 2017 జూన్ 27 నాటి నాట్‌పెట్యా గురించి చెబుతాను. ఉక్రెయిన్‌ను ఉద్దేశించి వదిలిన ఆ మాల్‌వేర్ మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి పాకింది, దాంతో మన దేశంలో జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్‌లో పని స్తంభించింది. అక్కడ కంటైనర్ ఇరుక్కున్న వ్యాపారి ఎవరికీ శత్రువు కాడు. ఇంకొక సంగతి: ఆ ఆగస్టులో మేర్స్క్ తన నష్టాన్ని ప్రకటించినప్పుడు ఒక్క అంకె చెప్పలేదు, 20 నుంచి 30 కోట్ల డాలర్లు అంది. దాడి జరిగిపోయాక, అన్ని లెక్కలూ చేతిలో ఉన్న కంపెనీయే రేంజ్ ఇచ్చింది. ఇంకా జరగని దానికి మనం ఒక్క అంకె ఎలా చెబుతాం?

మాట్లాడుకోవడం, మళ్ళీ రాయడం

చీటీలు పోగుచేసి, పేర్లు లేకుండా బోర్డు మీద గీతలుగా గీయండి. ఒక్కో మనిషికీ ఒక అడ్డగీత, దాని మీద ఉత్తమ అంచనాకు చుక్క. అప్పుడు చర్చ. 1950ల్లో అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థలో, నిపుణుల అంచనాలు రాబట్టే డెల్ఫీ పద్ధతి మొదలుపెట్టినవాళ్ళు నిపుణుల్ని ఒకరికొకరు కనపడనివ్వలేదు, పెద్దగొంతు గెలుస్తుందన్న భయంతో. నా అనుభవంలో మన దగ్గర మాట్లాడుకోవడమే మేలు. చర్చలోనే అసలు సమాచారం బయటికొస్తుంది. కానీ రెండు నియమాలు పాటించాలి: మొదటి రౌండ్ చీటీలు చర్చకు ముందే చేతికి రావాలి, అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. యజమాని నోరు విప్పాక కుర్రాళ్ళు విప్పరు.

ఆ పోర్టు ఆఫీసులో మూడో లంకె బోర్డు మీదికెక్కినప్పుడు ఐదు గీతలు పొట్టిగా, 10కీ 40కీ మధ్య సర్దుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం 20 నుంచి 90 దాకా బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు సాగింది. మేనేజరు గారు దాన్ని చూసి, "ఇదెవరోగానీ ఏమీ తెలీకుండా రాసేశారు" అన్నారు. అది బ్యాకప్ చూసే కుర్రాడి గీత. కాసేపటికి తనే చెప్పాడు.

"బ్యాకప్ రోజూ తీస్తున్నాం కదా బాబూ?" అని అకౌంట్స్ మేడమ్ అడిగారు.

"తీస్తున్నామండీ. తిరిగి ఎక్కించి ఎప్పుడూ చూడలేదండీ. ఎక్కుద్దో ఎక్కదో ఏటి చెప్పగలం?"

అందరికంటే వెడల్పు రేంజ్ ఇచ్చింది ఆ విషయం అందరికంటే దగ్గరగా తెలిసిన మనిషి. మిగతా ఐదుగురి ధైర్యం తెలియనితనం నుంచి వచ్చింది. వెడల్పు రేంజ్‌ను బలహీనత అనుకుని కొట్టేస్తే పోయేది ఇలాంటి సమాచారమే. అందుకే చర్చను ఎప్పుడూ అతి పొడుగు గీతతోనూ, మందలో కలవని చుక్కతోనూ మొదలుపెట్టాలి. "ఎందుకు అలా?" అని కాక, "మీకు కనిపించి మాకు కనిపించనిదేమిటి?" అని అడగండి. వాళ్ళు సమర్థించుకోవడం మానేసి వివరించడం మొదలుపెడతారు.

చర్చ చల్లబడితే ఒక ఊహ ఇవ్వండి: "వచ్చే జనవరి. సర్వర్ మూడు రోజులుగా ఆగిపోయి ఉంది. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయండి." జరిగిపోయిందని అనుకోమంటే మనుషులకు దారులు కనిపిస్తాయి. పక్కవాళ్ళకు ఈమధ్యే దెబ్బ తగిలి ఉంటే మాత్రం అంకెలు ఊరికే పెరుగుతాయి. 2022 నవంబరులో సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు ఆగిపోయినప్పుడు అన్ని చోట్లా అదే చూశాను. మీ సర్వర్ ఆ వారంలో మారలేదు, మీ భయం మారింది. ఆ సంగతి నెమ్మదిగా గుర్తుచేయండి.

తర్వాత రెండో రౌండ్ చీటీలు. మార్చుకోవాలన్న బలవంతం లేదు.

కలపడం

ప్రతి లంకెకూ ఉత్తమ అంచనాల సగటు, కింది అంచుల సగటు, పై అంచుల సగటు తీసుకోండి. ఒకరిద్దరు మరీ దూరంగా ఉంటే మధ్యస్థాన్ని (వరసలో పెడితే నడుమ పడే అంకెను) కూడా పక్కన రాయండి. రోజర్ కుక్ పద్ధతిలోనైతే కాటా పరీక్షలో బాగా నిలిచినవాళ్ళకు ఎక్కువ బరువు ఇస్తారు. పదవికి కాదు, పరీక్షకు. ఆరుగురున్న గదిలో పది ప్రశ్నలతో బరువులు కట్టేంత ఆధారం దొరకదు గనుక నేను మామూలు సగటుతోనే ఆగుతాను.

రెండో రౌండ్ తర్వాత కూడా చుక్కలు రెండు గుంపులుగా మిగిలితే సగటు తీయకండి. రెండు గుంపుల్నీ, రెండు కారణాల్నీ రాయండి. నిజాయతీగా మిగిలిన విభేదం కూడా ఒక ఫలితమే.

కుర్రాడి మాట విన్నాక, రెండో రౌండ్‌లో మాకొచ్చిన ఉత్తమ అంచనాలు: మొదటి లంకె 50 శాతం, రెండోది 30, మూడోది 50. హెచ్చిస్తే 7.5 శాతం. కానీ ఇక్కడ అంకె కంటే చూడాల్సింది ఏ లంకె రేంజ్ అన్నిటికంటే వెడల్పు అన్నది. మూడోది, 20 నుంచి 90.

ఇక్కడ రెండు రకాల తెలియనితనాన్ని విడదీయండి. వచ్చే ఏడాది ఎవరు ఏ మెయిల్ పంపుతారో ఎన్ని మీటింగులు పెట్టినా తెలియదు. బ్యాకప్ ఎక్కుతుందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే, ఈ భవనంలోనే తేలే విషయం. మొదటిదానికి గరాటును ఒప్పుకుని బతకాలి. రెండోదానికి నిపుణుల్ని అడగడం దండగ, వెళ్ళి చూడాలి.

వెళ్ళి చూశాం. ఒక ఆదివారం ఉదయం 9 గంటలకు ఖాళీ కంప్యూటర్ మీదికి బ్యాకప్ ఎక్కించడం మొదలుపెట్టారు. సాయంత్రానికి సగం కూడా కాలేదు. సోమవారం మధ్యాహ్నానికి ఫైళ్ళన్నీ వచ్చాయి, డేటాబేస్ తెరుచుకోలేదు. నడుస్తున్న డేటాబేస్ ఫైలునే రోజూ అలాగే కాపీ చేస్తూ వచ్చారు, అందుకే లోపల అది అతుకూబొతుకుగా ఉంది. పైగా బ్యాకప్ డ్రైవ్ రాత్రింబవళ్ళు సర్వర్‌కే తగిలించి ఉంటుంది. సర్వర్‌కు తాళం పడితే దానికీ పడుతుంది. మూడో లంకె 50 నుంచి 90కి ఎక్కింది, మొత్తం 13.5 శాతం అయింది. ఒక్క ఆదివారం చెప్పిన విషయాన్ని ఇంకో ఆరు మీటింగులు చెప్పేవి కావు.

డబ్బులోకి మార్చడం

అవకాశాన్ని ఒకటి నుంచి ఐదు, నష్టాన్ని ఒకటి నుంచి ఐదు వేసి హెచ్చించే రంగుల పట్టిక వాడకండి. ఏడాదికోసారి తగిలే చిన్న దెబ్బా, ఇరవయ్యేళ్ళకోసారి సంస్థను ముంచే దెబ్బా అందులో ఒకే స్కోరుతో ఒకేలా కనిపించొచ్చు.

నష్టానికీ నాలుగు ప్రశ్నల చీటీయే. పని ఆగితే డెమరేజ్, పోయే పార్టీలు, ఓవర్‌టైమ్, రిపేరు అన్నీ కలిపి 80 శాతం నమ్మకంతో 3 లక్షల నుంచి 40 లక్షలు అన్నారు. ఇలాంటి నష్టాలు ఒకవైపు తోక సాగి ఉంటాయి గనుక, అలా కుడివైపు తోక సాగే లాగ్‌నార్మల్ అనే ఆకారం తీసుకున్నాను. మధ్య విలువ దాదాపు 11 లక్షలు, సగటు మాత్రం 18 లక్షలు. ఆ తోక సగటును పైకి లాగుతుంది.

ఎక్సెల్‌లో 10,000 వరసలు, ఒక్కో వరసా ఒక ఊహా సంవత్సరం. ఒక గడిలో, 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్య ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్. వచ్చిన సంఖ్య 0.135 కంటే తక్కువైతే ఆ ఏడాది దెబ్బ తగిలినట్టు. తగిలిన వరసలో నష్టాన్ని పై ఆకారం నుంచి తీయాలి. దాదాపు 1,350 ఏళ్ళలో దెబ్బ తగులుతుంది, 90 ఏళ్ళలో నష్టం 50 లక్షలు దాటుతుంది. చేయి తిరిగాక 0.135 స్థానంలో కూడా రేంజ్‌నే పెట్టి ప్రతి వరసకూ వేరే విలువ తీయండి, అప్పుడు గరాటు పూర్తవుతుంది.

బ్యాకప్ సరిచేసి, ఒక కాపీని సర్వర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టి, మళ్ళీ పరీక్షించాక మూడో లంకె 20కి దిగింది. మొత్తం 3 శాతం. ఏడాదికి సగటు నష్టం రెండున్నర లక్షల దగ్గర్నుంచి యాభై ఐదు వేలకు వచ్చింది. 50 లక్షలు దాటే ఏళ్ళు పదివేలకు 90 నుంచి 20కి తగ్గాయి. డ్రైవ్‌లకూ సాఫ్ట్‌వేర్‌కూ అయ్యే ఖర్చు గురించి యజమానితో వాదన అవసరమే రాలేదు.

యజమానికి ఎలా చెప్పాలి

ఒక పేజీ. "పని 8 గంటలకు మించి ఆగే అవకాశం ఏడాదికి 3 శాతం దగ్గర, 1 నుంచి 9 దాకా ఉండొచ్చు. ఆగితే 3 నుంచి 40 లక్షలు. ఈ రేంజ్ వెడల్పుగా ఉండడానికి ముఖ్య కారణం మెయిల్ ద్వారా ఎంతమంది చిక్కుతారో సరిగా తెలియకపోవడం." కింద, ఏం జరిగితే ఈ అంకె మారుతుందో రాయండి: కొత్త సర్వర్ వచ్చినా, బ్యాకప్ చూసే మనిషి మారినా, 2021 డిసెంబరులో లాగ్4షెల్ బయటపడినప్పటిలాంటి పెద్ద లోపం వెలుగులోకి వచ్చినా మళ్ళీ చీటీలు పంచాలి.

గడువు సంగతి కూడా అదే పేజీలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలి. "శనివారం రాత్రి జరిగితే 6 గంటల్లో చెప్పగలమా?" అన్నది కూడా నిపుణుల్ని శాతాల్లో అడగదగ్గ ప్రశ్నే.

లెక్క చూసుకోవడం

పెద్ద దాడి ఏడాదిలో జరగకపోవచ్చు. ఒక్క ప్రశ్నతో ఎవరి అంచనా మంచిదో తేలదు. అందుకని త్వరగా తేలే చిన్న ప్రశ్నలు కలపండి: వచ్చే ఫిషింగ్ డ్రిల్‌లో (పరీక్షకు పంపే ఉత్తుత్తి మెయిల్‌లో) ఐదుగురికి మించి లింకు నొక్కుతారా, ఈ నెల ప్యాచ్‌లు 15 రోజుల్లో పూర్తవుతాయా, బ్యాకప్ పరీక్ష 8 గంటల్లో ముగుస్తుందా.

స్కోరుకు 1950లో వాతావరణ నిపుణుడు గ్లెన్ బ్రయర్ ఇచ్చిన పద్ధతి చాలు. చెప్పిన అవకాశానికీ, జరిగిందానికీ (జరిగితే 1, లేకపోతే 0) మధ్య తేడాను వర్గం చేయాలి. 10 శాతం అన్నది జరగకపోతే 0.01, జరిగితే 0.81. ఏడాది సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతి ప్రశ్నకూ 50 అని రాస్తూ పోయినవాళ్ళకు ఎప్పుడూ 0.25 వస్తుంది, కాబట్టి దాన్ని మించితే ఆ మనిషితో విడిగా కూర్చుని ఏ ప్రశ్నల్లో తప్పిందో చూడాలి. ఈ స్కోర్లను జీతాలకూ ప్రమోషన్లకూ ముడిపెట్టకండి. ముడిపెట్టిన మరుసటి రోజు నుంచి బ్యాకప్ కుర్రాడు కూడా 10కీ 40కీ మధ్యే రాస్తాడు.

ఆ ఆఫీసులో చీటీలన్నీ ఒక పాత బాక్స్ ఫైలులో ఉన్నాయి, కొట్టేసిన ఎనభైతో సహా. ఫైలు అట్ట మీద రెండు తేదీలు రాసి ఉన్నాయి: తర్వాతి బ్యాకప్ పరీక్ష జులై రెండో ఆదివారం ఉదయం 9 గంటలకు, స్కోరు వేయడం మార్చి 31 సాయంత్రం. పరీక్ష దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకునేది అకౌంట్స్ మేడమ్.